డ్రయ్యర్ దగ్గరి మనిషి మీకెందుకు చెప్పలేదు?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది పలాస పక్కన కాశీబుగ్గ. నాన్నగారు చాలా ఏళ్లుగా జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్నారు. నేను ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ని. నాన్నకు గుండె ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి ఫ్యాక్టరీ చూసుకుంటున్నాను. చిన్నప్పటినుంచీ నాకు రాకెట్లంటే పిచ్చి. అమెరికా రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్ గురించి దొరికిందల్లా చదివాను, చూశాను. ఆ పట్టుదల మన దగ్గర కూడా ఉండాలని వచ్చిన నెలలోనే బాయిలర్ నుంచి గ్రేడింగ్ దాకా అన్నింటికీ రోజువారీ టార్గెట్లు పెట్టాను. ఉదయం మీటింగ్‌లో వెనకబడ్డవాళ్లను అందరి ముందే నిలదీశాను. గుండ్లు తగ్గి బద్దలు, ముక్కలు ఎక్కువ పడితే కూలి కోశాను. "ఇలా తోలితే డ్రయ్యర్ తట్టుకోదు బాబూ" అని ఎదురు చెప్పిన పాత మెకానిక్‌ను పంపించేశాను. మొదట్లో ఉత్పత్తి పెరిగింది. తర్వాత విజయవాడ వ్యాపారి ఒక లోడులో సగం డబ్బాలు వెనక్కి పంపేశారు, పప్పు లోపల మాడిందని. చూస్తే డ్రయ్యర్ వేడిని చూపించే మీటర్ తప్పు చూపిస్తోంది. అక్కడ పనిచేసే అతనికి కొన్ని వారాలుగా తెలుసట, నాకు చెప్పలేదు. పొట్టు తీసే ఆడవాళ్లలో కొందరు పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. "నీ రాకెట్ల గోల మానెయ్, మనుషులతో మెత్తగా ఉండు" అంటున్నారు నాన్న. కానీ నాన్న మెత్తదనం వల్లే ఇక్కడ ఏ లెక్కా సరిగ్గా లేదు. బాయిలర్ గొట్టంలో ఆవిరి కారిపోతున్నా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. అంత కఠినమైన నాయకుడి కిందే కదా స్పేస్‌ఎక్స్ గెలిచింది? నా దగ్గర ఎందుకు పనిచెయ్యట్లేదు? నేను మెతకబడాలా?

కాశీబుగ్గ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మెతకబడాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అతనికి కొన్ని వారాలుగా తెలుసట, నాకు చెప్పలేదు" అని రాసి, మీరు వెంటనే కూలీలు వెళ్లిపోయిన సంగతికి వెళ్లిపోయారు. మీ నష్టమంతా ఆ వాక్యంలోనే ఉంది. వెనక్కి వచ్చిన డబ్బాల ఖరీదు ఒకసారి పోతుంది. తెలిసిన మనిషి చెప్పకుండా ఊరుకోవడం మాత్రం రోజూ జరిగే నష్టం, అది ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

మీరు అభిమానించే కంపెనీ చరిత్రనే ఈ కోణంలో మళ్లీ చూద్దాం. స్పేస్‌ఎక్స్ 2002లో పుట్టింది. మొదటి రాకెట్ ఫాల్కన్ 1ను 2006 మార్చిలో పసిఫిక్ మహాసముద్రంలోని క్వాజలీన్ దీవుల నుంచి ప్రయోగించారు. ఇంధనం కారి ఇంజన్ దగ్గర మంటలు లేచాయి. అర నిమిషం దాటగానే ఇంజన్ ఆగిపోయి రాకెట్ కూలిపోయింది. ముందురోజు దాని మీద పనిచేసిన టెక్నీషియన్ పొరపాటే కారణమని కంపెనీ అధినేత ఎలాన్ మస్క్ తొలినాళ్లలో బయట చెప్పారు. దర్యాప్తులో తేలింది వేరు. ఇంధన గొట్టాన్ని బిగించే అల్యూమినియం నట్టు సముద్రపు ఉప్పుగాలికి దెబ్బతిని పగిలింది. మనిషి సరిగ్గానే బిగించాడు, లోహమే తట్టుకోలేదు. ఆ తర్వాత అలాంటి నట్లను స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించారు. ఆ టెక్నీషియన్‌ను తీసేసి చేతులు దులుపుకుని ఉంటే రెండో రాకెట్‌కూ అదే అల్యూమినియం నట్టు ఉండేది. మీ దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. మెకానిక్ వెళ్లిపోయాడు, తప్పు మీటర్ మాత్రం డ్రయ్యర్ మీదే ఉండిపోయింది.

2007లో రెండో రాకెట్ మరికాస్త పైకెళ్లి విఫలమైంది. పై దశ, అంటే రాకెట్ పైభాగం, ట్యాంకులో ద్రవం అటూ ఇటూ ఊగి రాకెట్ అదుపు తప్పింది. ప్రయోగానికి ముందు వాళ్లు పెద్ద ప్రమాదాలు పది రాసుకుని వాటి మీదే దృష్టి పెట్టారట. ఈ ఊగడం ఆ జాబితాలో పదకొండోది. ఇకనుంచి పదకొండు చూడాలని మస్క్ తర్వాత చెప్పుకున్నారు. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. పదకొండో ప్రమాదం గురించి ఎవరో ఒకరు ముందే నోరు విప్పారు, అది కాగితం మీదికి వచ్చింది. వాళ్లు పొరబడింది దానికి ఎంత బరువు ఇవ్వాలన్న దగ్గర. మీ ఫ్యాక్టరీలో ఆ మాట కాగితం దాకా కూడా రాలేదు.

మూడో ప్రయోగం 2008 ఆగస్టులో. కింది దశ ఇంజన్ ఆగిపోయాక కూడా కాస్త తోపుడు మిగిలింది. ఆ తోపుడుతో కింది దశ ముందుకొచ్చి, అప్పుడే విడిపోయిన పై దశను గుద్దింది. అది కొత్త రకం ఇంజన్. నేల మీద పరీక్షించినప్పుడు గాలి పీడనం వల్ల ఆ చిన్న తోపుడు బయటపడలేదు. కంపెనీ దగ్గర డబ్బు అడుగంటింది. అలాంటి సమయంలో ఇంజన్ ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య వ్యవధి పెంచడం ఒక్కటే మార్పుగా పెట్టుకుని, రెండు నెలలు తిరగకుండానే నాలుగో రాకెట్ ఎగరేశారు. దాన్ని దీవికి విమానంలో తీసుకెళ్తుంటే, విమానం దిగే సమయంలో పీడనం తేడాకి ట్యాంకు సొట్టపోయింది. అక్కడున్న ఇంజనీర్లు అక్కడే విప్పి బాగుచేశారు. 2008 సెప్టెంబరు 28న అది కక్ష్య చేరింది. ఆ డిసెంబరులో నాసా 12 సరుకు రవాణా ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. కంపెనీ బతికింది.

ఆ ఎనిమిది వారాల్లో ఏం జరిగిందో ఆలోచించండి. రాకెట్ పంపిన కొలతలు అందరి ముందూ ఉన్నాయి. వాటిని ఎవరూ దాచలేదు, సరిచేసి చూపించలేదు. అందుకే కారణం రోజుల్లో దొరికింది. గడువు పెట్టిన ఒత్తిడి వాళ్లను పరిగెత్తించి ఉండొచ్చు. ఎటు పరిగెత్తాలో చెప్పింది మాత్రం నిజమైన కొలతలే. మీరు గడువు పెట్టారు, కొలతలు మాయమయ్యే పద్ధతి కూడా మీరే పెట్టారు. ముక్క పడితే కూలి కోస్తామన్నాక ముక్కల లెక్క నిజంగా ఎవరు చెబుతారు? మాడిన పప్పును మంచి పప్పు డబ్బాల్లో కలిపెయ్యకుండా ఎవరు ఉంటారు?

నేను చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేశాను. రాత్రి షిఫ్టు రిజిస్టర్‌లో ప్రతి గంటకీ ఒకే అంకె ఉండేది. పగటి షిఫ్టులో ఒకటి రెండు అటూ ఇటూ అయ్యేది, రాత్రి మాత్రం గీత గీసినట్టు ఒకటే. ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి చాలా గట్టివాడని అందరూ మెచ్చుకునేవారు. అక్కడ యంత్రాన్ని ఎవరూ చూడట్లేదని, ఆయనకు నచ్చే అంకె రాసి పెడుతున్నారని మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మీ డ్రయ్యర్ రిజిస్టర్ తెరిచి చూడండి. మీరు కూలి కొయ్యడం మొదలుపెట్టిన తేదీ నుంచి అంకెలు ఒక్కసారిగా అందంగా మారిపోయి ఉంటే, అవి చదవడానికి పనికొచ్చే అంకెలు కావు.

స్పేస్‌ఎక్స్ మెత్తని చోటని నేను చెప్పను. అక్కడ పని గంటలు ఎక్కువ, గడువులు అసాధ్యం, ఆ గడువులు తప్పడమూ మామూలే. 2022లో అధినేత తీరును తప్పుపడుతూ కొందరు ఉద్యోగులు లోపల బహిరంగ లేఖ రాస్తే, వాళ్లలో కొందరిని తీసేశారు. 2023లో రాయిటర్స్ వార్తా సంస్థ అక్కడ అంతకు ముందు బయటికి రాని గాయాల ఘటనలు కనీసం 600 ఉన్నాయని పరిశోధించి రాసింది. ఇవి ఆ కంపెనీ గెలుపుకి కారణాలని నేను నమ్మను. గెలుపు ఉన్నా జరిగిన తప్పులివి. గెలిచినవాడు చేసిన ప్రతి పనీ గెలుపుకి దారి అనుకోవడం దగ్గరే చాలామంది కుర్రాళ్లు దెబ్బతింటున్నారు. మీ ఒక్కరి సంగతే కాదిది, ఈమధ్య ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తున్నాయి.

ఇంకో తేడా కూడా చూడండి. అక్కడ రాత్రి రెండింటికి ఇంజన్ కింద పడుకుని పనిచేసిన కుర్రాడు ఏరికోరి అక్కడికి వెళ్లాడు. కంపెనీ షేర్లు అతని చేతిలో ఉన్నాయి. నచ్చకపోతే మరో కంపెనీ తలుపు తీసి ఉంటుంది. మీ దగ్గర పొట్టు తీసే ఆవిడకి కిలో లెక్కన కూలి. కటింగ్ దగ్గర పిక్క తొక్కలోని జీడి నూనెకి చేతులు పుండ్లు పడతాయి. బడి వదిలే వేళకి పిల్లల కోసం ఇంటికెళ్లాలి. ఫ్యాక్టరీ రెండింతలైతే ఆవిడకి ఏం వస్తుంది? మీరు ఈ ప్రశ్న అడుక్కున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. లాభంలో వాటా లేని చోట ఒత్తిడి మాత్రం వాటా వెయ్యడం అన్యాయం, తమ్ముడూ. ఈ మాట మీకు నొప్పి కలిగించినా చెప్పాలి.

ఇక నాయకుడి సంగతి. న్యూజిలాండ్‌లో పుట్టిన రాకెట్ ల్యాబ్ అనే కంపెనీ ఉంది. 2006లో పీటర్ బెక్ మొదలుపెట్టారు. ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. గృహోపకరణాలు చేసే కంపెనీలో పనిముట్లు, అచ్చులు తయారుచేసే అప్రెంటిస్‌గా మొదలై, లేత్ దగ్గర చెయ్యి తిరిగిన మనిషి. వాళ్ల ఎలక్ట్రాన్ రాకెట్ మొదటి ప్రయోగానికి వాళ్లు పెట్టుకున్న పేరే "ఇది పరీక్ష" అని అర్థం వచ్చేది. 2017 మేలో ఎగిరింది, అంతరిక్షం చేరింది, కక్ష్య చేరకముందే ఆపెయ్యాల్సి వచ్చింది. చూస్తే రాకెట్‌లో ఏ లోపమూ లేదు. రాకెట్ నుంచి వచ్చే సమాచారాన్ని అందుకునే నేల మీది పరికరాన్ని బయటి కాంట్రాక్టు సంస్థ సరిగ్గా సెట్ చెయ్యలేదు, సమాచారం తెగిపోయింది. భద్రత అధికారులకు రాకెట్ ఎక్కడుందో తెలియక ఆపించేశారు. యంత్రం బాగానే ఉన్నా మీటర్ తప్పు చెబితే ఏమవుతుందో మీకిప్పుడు నాకంటే బాగా తెలుసు. వాళ్లు రాకెట్‌ను తిరిగి డిజైన్ చెయ్యలేదు, ఎవరినీ బలి ఇవ్వలేదు. పరికరం సరిచేసి 2018 జనవరిలో కక్ష్య చేరారు. 2020 జులైలో పదమూడో ప్రయోగం విఫలమైతే, ఒకే ఒక్క విద్యుత్ కనెక్షన్ లోపమని పట్టుకుని రెండు నెలల లోపే మళ్లీ ఎగరేశారు.

పని తెలిసిన యజమాని అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. "ఎందుకు తగ్గింది?" అని ఎవరైనా అడగగలరు. "నిన్న తేమ ఎక్కువుంది కదా, ఎంతసేపు ఎక్కువ ఉంచావు?" అని అడగాలంటే డ్రయ్యర్ దగ్గర నిలబడి ఉండాలి. మీరు ఎన్నిరోజులు నిలబడ్డారో ఉత్తరంలో లేదు. ఒక వారం బాయిలర్ దగ్గర, ఒక వారం డ్రయ్యర్ దగ్గర, ఒకరోజైనా ఆడవాళ్ల మధ్య కూర్చుని పొట్టు తియ్యండి. గుండు విరగకుండా పొట్టు తియ్యడం ఎంత నేర్పో, పప్పు సరిగ్గా ఆరకపోతే ఆ నేర్పు కూడా ఎందుకు చాలదో అప్పుడు తెలుస్తుంది. ముక్క ఎక్కువ పడటానికి పొట్టు తీసే మనిషి కారణమో, డ్రయ్యర్ కారణమో, కొన్న పిక్కల్లోనే లోపం ఉందో తెలియకుండా ఆమె కూలి కోశారు మీరు.

స్పేస్‌ఎక్స్ అంటే మస్క్ ఒక్కడే అనుకోవడం కూడా మీ పొరపాటే. 2002లోనే చేరి, 2008 నుంచి అధ్యక్షురాలిగా ఉన్న గ్విన్ షాట్‌వెల్ గురించి మీరు చదివే ఉంటారు. కస్టమర్ల నమ్మకం, కాంట్రాక్టులు, రోజువారీ నడక ఆమె చేతిలో ఉన్నాయి. ఇంజన్లకు టామ్ ముల్లర్ లాంటి వాళ్లుండేవారు. మస్క్‌కు "ఇది కుదరదు" అని ముఖం మీద చెప్పగలిగే స్థాయి వాళ్లు చుట్టూ ఉన్నప్పుడే ఆ కంపెనీ నిలబడింది. మీకు అలా చెప్పిన ఒక్క మనిషినీ మీరు గేటు బయటికి పంపారు.

2015లో జరిగింది కూడా చెప్పాలి, నాకు ఇదంటే చాలా ఇష్టం. ఆ జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి సరుకు తీసుకెళ్తున్న ఫాల్కన్ 9 గాల్లోనే పేలిపోయింది. ట్యాంకు లోపల హీలియం సీసాను పట్టి ఉంచే ఒక ఉక్కు కడ్డీ, తట్టుకోవాల్సిన బరువులో ఐదో వంతుకే విరిగిందని తేల్చారు. తర్వాత విలేకరులతో మాట్లాడుతూ మస్క్ ఒక విషయం చెప్పారు. ప్రతి ప్రయోగానికి ముందు ఆయన ఉద్యోగులందరికీ మెయిల్ పంపేవారట, ఆపడానికి ఏ కారణం కనిపించినా తనకే నేరుగా ఫోన్ చెయ్యమని, మెయిల్ పెట్టమని. కానీ ఏడేళ్లుగా వైఫల్యం చూడకపోవడంతో, కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట మొదటి రోజుల్లోలా తగలడం లేదని ఆయనే ఒప్పుకున్నారు. అంటే తలుపు తెరిచి ఉంచడమే కాదు, ఆ తలుపు నిజంగా తెరిచే ఉందని మనుషులు నమ్మేలా మళ్లీ మళ్లీ చెయ్యాలి. మీరు చూసిన వీడియోల్లో అరుపులు, గడువులు కనిపించాయి. ఈ మెయిల్ కనిపించలేదు.

ఆ తలుపు మూసుకుపోతే ఏమవుతుందో అమెరికా 1986 జనవరిలో చూసింది. ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు రాత్రి, దాన్ని పైకి నెట్టే బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు గంటల తరబడి ఫోన్‌లో మొత్తుకున్నారు. ఇంత చలిలో రబ్బరు సీళ్లు పనిచెయ్యవు, ఆపండని. వాళ్ల పైవాళ్లే వాళ్లను పక్కకు నెట్టి సరే అని సంతకం పెట్టారు. ఏడుగురు చనిపోయారు. తెలిసినవాళ్లు ఉన్నారు, చెప్పారు కూడా. వినాల్సిన చోట వినలేదు. జీడిపప్పుకి అంత ప్రమాదమేముందని అనుకోకండి. మీది ఆవిరి బాయిలర్. గొట్టం కారుతోందని మీరే రాశారు. రేపు ఆ బాయిలర్ దగ్గరి మనిషికి ఏదో తేడాగా అనిపించి, కూలి పోతుందని నోరు మూసుకుంటే? ఉత్తరం చదువుతుంటే నాకు అన్నింటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

మన దేశంలో ప్రైవేటు రాకెట్ల కథ కొత్తదే అయినా చూడదగ్గది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. మొదటే కక్ష్య కోసం వెళ్లలేదు. ఆరు మీటర్ల విక్రమ్-ఎస్‌ను 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, తమ పరికరాలు ఎలా పనిచేస్తాయో ముందు చూసుకున్నారు. చెన్నై అగ్నికుల్ వాళ్లదైతే నాకు ఇంకా నచ్చిన కథ. ముక్కలు అతకకుండా ఒకే భాగంగా త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన ఇంజన్ వాళ్లది. ఎగరడానికి సిద్ధం చేసి, ఏదో ఒక తేడా కనబడి, నాలుగుసార్లు ఆపేశారు. దేశమంతా చూస్తుంటే ఆపడం, మళ్లీ ఆపడం ఎంత కష్టమో ఊహించండి. పెట్టుబడి పెట్టినవాళ్లున్నారు, వార్తలు రాసేవాళ్లున్నారు. అయినా ఆపారు. ఐదోసారి, 2024 మే 30న ఎగిరింది. మీ డ్రయ్యర్ దగ్గరి మనిషికి డ్రయ్యర్ ఆపే హక్కు ఉందా? ఆపితే ఆరోజు టార్గెట్ ఏమవుతుంది, అతని కూలి ఏమవుతుంది?

మీ నాన్నగారి గురించి. ఆయన మెత్తదనాన్ని మీరు అన్ని కష్టాలకూ కారణంగా చూస్తున్నారు. అందులో కొంత నిజం ఉంది. ఆవిరి కారుతుంటే "పోనీలే" అనుకోవడం మంచితనం కాదు, బాయిలర్ దగ్గరి మనిషికి ప్రమాదం. లెక్కలు రాయాలన్న మీ పట్టు సరైనదే, దాన్ని వదలకండి. కానీ ఆయన దగ్గర మనుషులు ఏళ్ల తరబడి నిలబడ్డారంటే ఊరికే నిలబడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస చుట్టుపక్కల జీడితోటల్ని నేలమట్టం చేసినప్పుడు ఫ్యాక్టరీలో పనివాళ్లకు ఏం జరిగింది, మీ నాన్నగారు ఏం చేశారు, ఒకసారి అడిగి తెలుసుకోండి. మీరప్పుడు హైదరాబాద్‌లో ఉండి ఉంటారు. ఆయనకున్న ఆ నమ్మకం మీకు వారసత్వంగా రాలేదు, మీరు మొదటి నుంచి సంపాదించుకోవాలి. 1979లో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడితే ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందు తానే నిలబడి, మరుసటి ఏడు గెలిచినప్పుడు కలాంను ముందుకు పంపిన సంగతి మీకు తెలుసు, మళ్లీ చెప్పను. విజయవాడ వ్యాపారికి ఫోన్ చేసినప్పుడు మీరు తప్పు ఎవరి మీద పెట్టారో మాత్రం గుర్తు చేసుకోండి.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. ముందు కూలి కొయ్యడం ఆపండి, కోసింది తిరిగి ఇచ్చెయ్యండి. మీటింగ్‌లో ప్రకటించి కాదు, శనివారం లెక్కలో కలిపి ఇచ్చి, ఎందుకో ఒక్కొక్కరికి చెప్పండి. డ్రయ్యర్ దగ్గరి అతన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. "ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడగకండి, దానికి జవాబు మీకు తెలుసు. మీటర్ ఎప్పటినుంచి తేడాగా ఉంది, చేత్తో పట్టుకుంటే పప్పు ఎలా ఉండేది, అది ఎలా గుర్తుపట్టాడు, ఇవి అడగండి. అతను మీటర్ కంటే ముందే చేత్తో కనిపెట్టాడంటే మీ ఫ్యాక్టరీలో అతనంత విలువైన మనిషి లేడు. కొత్త మీటర్‌తో పాటు ఒక విడి థర్మామీటర్ కూడా కొనండి, రెండూ పోల్చి చూసుకోవడానికి. ప్రతి విడత నుంచి గుప్పెడు పప్పు తేదీ రాసిన కవర్లో పక్కన పెట్టించండి. వ్యాపారి ఏదైనా అన్నప్పుడు మనుషుల్ని నిలదీసే బదులు ఆ కవర్ తెరవొచ్చు.

ఉదయం మీటింగ్ ఉంచండి. కానీ టార్గెట్ చదవకండి. "నిన్న ఏం తేడాగా అనిపించింది?" అని అడిగి ఊరుకోండి. మొదటి వారం ఎవరూ మాట్లాడరు. ఎవరో ఒకరు భయం భయంగా ఏదో చెబుతారు, బహుశా చాలా చిన్న విషయం, తలుపు గొళ్లెం ఊడిందనో, గోనె సంచులు తడిశాయనో. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉంటుందో అందరూ చూస్తారు. ఆరోజే ఆ గొళ్లెం వేయించండి. రెండో కబురు తొందరగా వస్తుంది.

మీరు పెట్టిన టార్గెట్లలో చాలావరకు తీసెయ్యొచ్చు. మస్క్ 2021లో తన పని పద్ధతి వివరిస్తూ చెప్పిన వరసే చూడండి. ముందు ఆ నిబంధన అసలు కావాలా అని అడగాలి, అది పెట్టిన మనిషి పేరు దాని పక్కన ఉండాలి. తర్వాత తీసెయ్యగలిగింది తీసెయ్యాలి. ఆ తర్వాతే సరళం చెయ్యడం, వేగం పెంచడం, యంత్రాలు పెట్టడం. తాను ఈ వరసను తిరగేసి చేసి దెబ్బతిన్నానని కూడా ఆయన చెప్పారు. మీరు నేరుగా వేగంతో మొదలుపెట్టారు. మీ నిబంధనలన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన దాన్ని పెట్టిందెవరో రాయండి. దాదాపు అన్నింటి పక్కనా మీ పేరే ఉంటుంది. పనివాళ్ల ముందు కూర్చుని వాటిలో ఏవి తీసెయ్యాలో వాళ్లనే అడగండి. గ్రేడింగ్ దగ్గర గుండు సైజుల లెక్క ఉంచండి, అది అమ్మకానికి కావాలి. పొట్టు తీసే దగ్గర గంటగంట లెక్క మాత్రం ఎవరికీ పనికిరాదు.

బాయిలర్ గొట్టం ఈ వారమే బాగుచేయించండి. బాయిలర్ తనిఖీ కాగితాలు ఎప్పటివో చూడండి. దీనికి దసరా ఆర్డర్ల తర్వాత చూద్దామన్న మాట వద్దు.

వెళ్లిపోయిన ఆడవాళ్లు తిరిగి రాకపోవచ్చు. బతిమాలకండి, పక్క ఫ్యాక్టరీ వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఉన్నవాళ్లకు కూలి నిలకడగా ఇచ్చి, మంచి గుండు శాతం పెరిగిన నెలలో ఆ పెరిగిన డబ్బులో భాగం అందరికీ పంచండి. చేతులకు గ్లోవ్స్, రాసుకోవడానికి నూనె ఫ్యాక్టరీ ఖర్చుతోనే పెట్టండి. రెండు మూడు నెలల్లో పలాసలో ఆ మాట తిరుగుతుంది.

మెకానిక్ దగ్గరికి మీరే వెళ్లండి. ఫోన్ చెయ్యకండి, మనిషిని పంపకండి. ఆయనకు రావాల్సిన బాకీ ఏమైనా ఉంటే ముందు అది చేతిలో పెట్టండి. డ్రయ్యర్ సంగతి మీరు చెప్పిందే నిజమైంది అని ఆయన ఇంట్లోవాళ్ల ముందు చెప్పండి. తిరిగి వస్తే సంతోషం. రానంటే ఒత్తిడి చెయ్యకుండా, ఒక్క పూట వచ్చి డ్రయ్యర్, బాయిలర్ చూసి ఏమేం సరిచెయ్యాలో చెప్పమని అడగండి, ఆ పూటకి సరైన డబ్బు ఇవ్వండి. ఆయన చెప్పేటప్పుడు డ్రయ్యర్ దగ్గరి అతన్ని కూడా పక్కన నిలబెట్టుకోండి, రేపటినుంచి అది చూసుకోవాల్సింది అతనే కాబట్టి.